పామాయిల్ మీద ఆర్‌ఎస్‌పీఓ ముద్ర: ఒరాంగుటాన్‌కు దక్కేదెంత?

ముందు మార్కులు చెప్పేస్తే తర్వాత మాట్లాడుకోవడం సులువు. ప్యాకెట్ మీద ఆకులు విచ్చుకున్నట్టుండే పచ్చ గుర్తుతో పాటు 'సర్టిఫైడ్' అని ఉంటే అయిదుకు మూడున్నర. అదే గుర్తుకు 'మిక్స్‌డ్' అని తోక ఉంటే రెండు. గుర్తేమీ లేకుండా 'క్రెడిట్లు కొన్నాం' అని కంపెనీ చెప్పుకుంటే ఒకటి. 'మేం ఆర్‌ఎస్‌పీఓ సభ్యులం' అన్న ఒక్క ముక్కే చూపిస్తే సున్నా. ఒకే సంస్థ పేరు మీద ఇన్ని మెట్లు ఎందుకున్నాయో, ఏ మెట్టు అడవి దాకా చేరుతుందో, కిరాణా కొట్టులో నిలబడి దాన్ని ఎలా పసిగట్టాలో చూద్దాం.

ఆర్‌ఎస్‌పీఓ అంటే రౌండ్‌టేబుల్ ఆన్ సస్టెయినబుల్ పామాయిల్. 2004లో మొదలైంది. తోటల కంపెనీలు, మిల్లులు, నూనె వ్యాపారులు, బిస్కెట్లూ సబ్బులూ చేసేవాళ్లు, సూపర్ మార్కెట్లు, బ్యాంకులు, పర్యావరణ సంస్థలు అందరూ కూర్చుని రాసుకున్న నియమావళి ఇది. దీని కింద ధ్రువీకరించిన నూనె 2008లో తొలిసారి బజారుకు వచ్చింది. ఇవాళ ప్రపంచంలో తయారయ్యే పామాయిల్‌లో ఇంచుమించు అయిదో వంతుకు ఈ సర్టిఫికెట్ ఉంది. అమ్మేవాడూ కొనేవాడూ అడ్డుకునేవాడూ కలిసి రాసుకున్న కాగితం కాబట్టి ప్రతి నియమం వెనకా ఒక బేరం ఉంటుంది. దీన్ని పూర్తిగా నమ్మేవాళ్లూ, ఉత్త మోసమని కొట్టిపారేసేవాళ్లూ ఆ బేరాల దాకా వెళ్లి చూడరు.

కొలబద్దగా చెట్ల మీద బతికే పెద్ద వానరం ఒరాంగుటాన్‌నే ఎందుకు తీసుకోవాలంటే, అది కోరేదీ పామాయిల్ మొక్క కోరేదీ ఒకే నేల. భూమధ్యరేఖకు దగ్గరగా, సముద్రమట్టానికి పెద్దగా ఎత్తు లేకుండా, ఏడాది పొడవునా వాన పడే పల్లపు నేల. బోర్నియో దీవిలో ఒక జాతి, సుమత్రా దీవిలో రెండు జాతులు ఉన్నాయి. సుమత్రాలోని తపానులి ఒరాంగుటాన్‌ను వేరే జాతిగా గుర్తించింది 2017లోనే. బతాంగ్ తోరు కొండల్లో అవి 800 కంటే తక్కువే మిగిలాయి. మూడు జాతులూ అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) జాబితాలో అత్యంత ప్రమాదపుటంచున ఉన్నవే. 1999 నుంచి 2015 లోపు ఒక్క బోర్నియోలోనే లక్షకు పైగా ఒరాంగుటాన్లు తగ్గిపోయాయని 2018లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం లెక్కగట్టింది. తల్లి ఏడెనిమిదేళ్లకు ఒక్క పిల్లను కంటుంది, జీవితం మొత్తం మీద కనేది మూడో నాలుగో. అందుకే ఏటా నూటికి ఒక్కటి అదనంగా చచ్చిపోయినా ఆ గుంపు మళ్లీ కోలుకోదు. ఈ లెక్కను మనసులో ఉంచుకుంటే ముద్ర బలమెంతో తూచడం తేలిక.

తోటలో ఏం అడుగుతుంది

నియమాలు కాగితం మీద చిన్నవేమీ కావు. 2005 నవంబరు తర్వాత ఆదిమ అడవిని గానీ, 'అధిక పరిరక్షణ విలువ' ఉన్న (అరుదైన జీవులుండే లాంటి) చోటును గానీ కొట్టి తోట వేస్తే దానికి నేరుగా సర్టిఫికెట్ రాదు. ఆ తేదీ తర్వాత అలా కొట్టేసిన కంపెనీ చేరాలంటే పరిహార ప్రక్రియకు ఒప్పుకుని, ఎంత పోగొట్టిందో లెక్క తేల్చి, వేరేచోట అడవిని కాపాడే ఖర్చు భరించాలి. 2018 నవంబరులో పట్టు ఇంకా బిగిసింది. ఒకసారి కలప కొట్టుకున్నాక మళ్లీ ఎదిగిన అడవి కూడా, కార్బన్ నిల్వ ఎక్కువుంటే, ముట్టకూడదన్నారు. ఇది ఒరాంగుటాన్‌కు చాలా పెద్ద విషయం, ఎందుకంటే అలా మళ్లీ ఎదిగిన అడవిలోనూ అవి బాగానే బతుకుతాయి. ఎంత పల్చటి పీట్ నేల అయినా కొత్త తోట వేయకూడదన్నారు. నేల చదును చేయడానికి నిప్పు పెట్టడం నిషేధం. కొత్తగా తోట వేసే ముందు మదింపు నివేదికను 30 రోజుల పాటు బహిరంగంగా పెట్టి అభ్యంతరాలు అడగాలి. సర్టిఫికెట్ అయిదేళ్లకు, మధ్యలో ఏటా ఒక ఆడిట్.

పీట్ మాటను తేలిగ్గా తీసుకోకూడదు. వేల ఏళ్లుగా రాలిన ఆకూ కొమ్మా నీటిలో నాని, పూర్తిగా కుళ్లకుండానే పేరుకున్న నేల అది. కొన్నిచోట్ల పది మీటర్ల లోతు కూడా ఉంటుంది. అందులో పామాయిల్ బతకాలంటే కాలువలు తవ్వి నీటిమట్టం దించాలి. నీరు దిగిన పీట్ ఏటేటా కుంగుతుంది, ఎండాకాలంలో అంటుకుంటే పైన మంట ఆరినా లోపల వారాల తరబడి రాజుకుంటుంది. 1996లో ఇండొనేషియా ప్రభుత్వం సెంట్రల్ కాలిమంటన్‌లో (కాలిమంటన్ అంటే బోర్నియోలోని ఇండొనేషియా భాగం) పది లక్షల హెక్టార్ల వరి పండిస్తామని పీట్ అడవిలో కాలువలు తవ్వించింది. వరి పండలేదు. 1997లో మొదలైన మంటలు మాత్రం కరువొచ్చినప్పుడల్లా తిరిగొస్తున్నాయి. 2015లో ఆ దేశం మొత్తం మీద కాలింది సుమారు 26 లక్షల హెక్టార్లు. ఒరాంగుటాన్లు అత్యంత దట్టంగా ఉండేది ఈ పీట్ అడవుల్లోనే కనుక, నియమావళిలో పీట్ నిషేధం ఒక్కటి సరిగా అమలైనా సగం సర్టిఫికెట్ విలువ వసూలైనట్టే.

ఇక తేడా ఎక్కడొస్తుందంటే, మొదటిది ముక్కల సమస్య. కంపెనీ తన తోటలో 'అధిక పరిరక్షణ విలువ' అని గుర్తించి వదిలేసే అడవి సాధారణంగా ఏటి గట్టు వెంట సన్నటి పట్టీగా, లేదా సాగుకు పనికిరాని వాలులో ఒక తునకగా ఉంటుంది. ఆడిటర్‌కు మ్యాపులో పచ్చరంగు కనిపిస్తుంది, నియమం నెరవేరినట్టే. ఒరాంగుటాన్‌కు మాత్రం ఒక్కోదానికి వందల హెక్టార్లు కావాలి, మగవాటికి ఇంకా ఎక్కువ. ఒక తునక నుంచి ఇంకో తునకకు చెట్ల మీదుగా దారి లేకపోతే అక్కడున్న నాలుగైదు జంతువులు ముసలివై చచ్చేదాకా బతుకుతాయి, అంతే. బోర్నియోలోని మలేషియా రాష్ట్రం సాబాలో కినబతాంగాన్ నది ఒడ్డున ఈ చిక్కు కళ్లకు కడుతుంది. అక్కడి 26 వేల హెక్టార్ల అభయారణ్యం పది ముక్కలుగా, చుట్టూ తోటలతో ఉంది. ఒరాంగుటాన్లకు ఈత రాదు. ఉపనదుల మీదుగా ఒరిగి వంతెనల్లా పనిచేసే పెద్ద చెట్లు పోవడంతో హుటాన్ అనే సంస్థ 2003 నుంచి తాళ్ల వంతెనలు కట్టుకుంటూ వచ్చింది. ఒరాంగుటాన్ వాటి మీద దాటుతున్న ఫొటో దొరకడానికి 2010 దాకా పట్టింది. తునకల మధ్య దారులు వేయడం ఒక్క కంపెనీ సర్టిఫికెట్‌తో అయ్యే పని కాదు, పక్కపక్క తోటలన్నీ కలిసి రావాలి. సాబా రాష్ట్రం మొత్తాన్ని ఒకే యూనిట్‌గా ధ్రువీకరించాలన్న ఆలోచన 2015లో అందుకే పుట్టింది. అనుకున్నంత వేగంగా సాగకపోయినా, దిశ మాత్రం సరైనది.

రెండోది చట్టం పెట్టే మెలిక. ఇండొనేషియాలో తోటకని భూమి తీసుకుని అందులో కొంత అడవిని కొట్టకుండా ఉంచితే, దాన్ని 'వాడకుండా పడేసిన భూమి' కింద లెక్కేసి ప్రభుత్వం వెనక్కి తీసుకునే వీలుంది. అలా తీసుకున్నది ఇంకొకరి చేతికి పోతే ఆ కొత్త లైసెన్సుదారు సభ్యుడు కాకపోతే అతనికి ఏ ఆర్‌ఎస్‌పీఓ నియమమూ వర్తించదు. అంటే మంచి కంపెనీ వదిలిన అడవి మరొకడి గొడ్డలికి పోవచ్చు. దీనికి ముద్ర దగ్గర మందు లేదు.

మూడోది అందరికీ తెలిసిన లోపం. ఆడిట్ చేసే సంస్థకు ఫీజు ఇచ్చేది ఆడిట్ చేయించుకునే కంపెనీయే. ఆ ఆడిటర్ల మీద నిఘాకు ఇంకో సంస్థ ఉంది, తప్పు దొరికితే ఆడిటర్లను సస్పెండ్ చేసిన సందర్భాలూ ఉన్నాయి. అయినా ఏడాదికోసారి కొద్ది రోజుల ముందు చెప్పి వచ్చే ఆడిటర్ వేల హెక్టార్ల తోటలో చూడగలిగేది దారి పక్కన ఉన్నదే. నిజానికి ఇక్కడ పెద్ద తప్పులు బయటపడింది ఎక్కువగా బయటివాళ్ల ఫిర్యాదుల వల్లే. ఐఓఐ అనే మలేషియా దిగ్గజం సర్టిఫికెట్‌ను 2016 మార్చిలో సస్పెండ్ చేయడానికి కారణం కూడా అలాంటి ఫిర్యాదే. పెద్ద పెద్ద కొనుగోలుదారులు ఒక్కొక్కరే తప్పుకున్నాక ఆ కంపెనీ దిద్దుబాటు ప్రణాళిక ఇచ్చింది, ఆగస్టులో సస్పెన్షన్ ఎత్తేశారు. అయిదు నెలలకే ఎత్తేయడం తొందరపాటన్న విమర్శలో న్యాయముంది. అయినా అంత పెద్ద కంపెనీ దారికి రావడానికి సర్టిఫికెట్ పోతుందన్న భయం పనిచేసిందన్నదీ నిజమే.

మొత్తం మీద ఫలితం ఎంత? 2018లోనే రెండు అధ్యయనాలు వచ్చాయి, రెండూ పక్కపక్కన పెట్టి చదవాలి. ఇండొనేషియా తోటల ఉపగ్రహ చిత్రాలు పరిశీలించిన ఒకటి, సర్టిఫికెట్ ఉన్న తోటల్లో అడవి నరికివేత మూడో వంతు మేర తగ్గిందని తేల్చింది. ఆ వెంటనే ఒక చేదు మాట కూడా చెప్పింది: సర్టిఫికెట్ తీసుకున్న తోటల్లో ఎక్కువ వాటిలో అప్పటికే కొట్టడానికి పెద్దగా అడవే మిగల్లేదు. మంటలు తగ్గినట్టు ఆధారం దొరకలేదు. రెండో అధ్యయనం కాలిమంటన్‌లో సర్టిఫికెట్ ఉన్న తోటల్నీ లేని తోటల్నీ పోల్చింది. ఒరాంగుటాన్ల విషయంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఈ రెండూ 2018 నియమాలు బిగియక ముందు నాటి సమాచారం మీద ఆధారపడ్డవి కనుక కొత్త నియమాలకు ఇదే తీర్పు అని చెప్పలేం. కానీ ఒక సంగతి మారదు: అడవి ముందే పోయిన చోట సర్టిఫికెట్ తేలిగ్గా వస్తుంది, అడవి ఇంకా మిగిలిన చోట ఎవరూ దానికోసం తొందరపడరు.

నాలుగు మెట్లు, ఒకే గుర్తు

మీరు కొనే ప్యాకెట్ దగ్గర అసలు తేడా ఇక్కడే. ధ్రువీకరించిన నూనె నాలుగు రకాల దారుల్లో వస్తుంది. మొదటిదాన్ని ఐడెంటిటీ ప్రిజర్వ్‌డ్ అంటారు. ఒకే మిల్లు నుంచి వచ్చిన నూనె, మరే నూనెతోనూ కలపకుండా చివరిదాకా విడిగా వస్తుంది. రెండోది సెగ్రిగేటెడ్. చాలా మిల్లుల నూనె కలవచ్చు, కానీ అన్నీ ధ్రువీకరించినవే అయి ఉండాలి. ఈ రెండిట్లో ఏదైనా సరే, ఉత్పత్తిలోని పామాయిల్‌లో కనీసం 95 శాతం అదే అయితే గుర్తు మీద 'సర్టిఫైడ్' అని వేసుకోవచ్చు. న్యుటెల్లా చేసే ఫెర్రెరో చాలా ఏళ్లుగా ఈ సెగ్రిగేటెడ్ నూనెనే వాడుతోంది. పెద్ద ఎత్తున కొనేవాడికి కూడా ఇది అసాధ్యం కాదనడానికి అదే సాక్ష్యం.

మూడోది మాస్ బ్యాలెన్స్. ఊళ్లో పాలకేంద్రాన్ని తలుచుకోండి. పదిమంది పాలు పోస్తే అందులో ఇద్దరే మందులు లేని మేత వేసేవాళ్లు. పాలన్నీ ఒకే క్యానులో కలుస్తాయి. కేంద్రం మాత్రం పుస్తకంలో ఆ ఇద్దరూ పోసిన లీటర్లు రాసుకుని, అన్ని లీటర్లే 'మంచి పాలు' పేరుతో అమ్ముతుంది. మీరు తాగేది ఏ పాలో ఎవరికీ తెలియదు, కానీ ఆ ఇద్దరికీ డబ్బు చేరింది. మాస్ బ్యాలెన్స్ సరిగ్గా ఇదే. గుర్తు మీద 'మిక్స్‌డ్' అని ఉంటుంది. మీ చేతిలోని బిస్కెట్‌లో ఉన్న నూనె మొన్ననే అడవి కొట్టిన తోటది కావచ్చు. లెక్క ప్రకారం మాత్రం అంతే పరిమాణంలో మంచి నూనె ఎక్కడో కొన్నారు. నాలుగోది బుక్ అండ్ క్లెయిమ్. ఇక్కడ నూనె కదలదు, కాగితమే కదులుతుంది. తోట ఒక టన్ను ధ్రువీకరించిన నూనెకు ఒక క్రెడిట్ అమ్ముతుంది, ఎక్కడో ఉన్న కంపెనీ దాన్ని కొని 'ఉత్పత్తికి తోడ్పడ్డాం' అంటుంది. చాలా ఏళ్లపాటు ఆ క్రెడిట్ టన్నుకు కొద్ది డాలర్లే పలికింది. అయితే పెద్ద కంపెనీల గొలుసులో చోటు దొరకని చిన్న రైతు సంఘాలకు క్రెడిట్ల డబ్బు నేరుగా అందుతుంది. ఈ ఒక్క కారణం చేత దానికి సున్నా ఇవ్వకుండా ఒకటి వేయాల్సి వచ్చింది.

మాస్ బ్యాలెన్స్‌ను పూర్తిగా కొట్టిపారేయడం కూడా న్యాయం కాదు. పామాయిల్ గెల కోసిన 24 గంటల్లో మిల్లుకు చేరాలి. ఆలస్యమైతే పండులోని ఫ్రీ ఫ్యాటీ ఆమ్లాలు పెరిగి నూనె ధర పడిపోతుంది. దెందులూరు రైతుకైనా సుమత్రాలోని ఆచే రైతుకైనా ఇదే బాధ. అందువల్ల ప్రతి మిల్లుకూ గెలలు వచ్చేది చుట్టుపక్కల కొన్ని పదుల కిలోమీటర్ల పరిధి నుంచే. ఏ మిల్లు నూనె అని తెలిస్తే ఏ ప్రాంతపు అడవి ప్రమాదంలో ఉందో ఇట్టే చెప్పొచ్చు. తెలియనిది, ఆ పరిధిలో ఏ తోటది అన్నది. సొంత తోట గెలలు సర్టిఫికెట్‌వి, బయటి నుంచి దళారీ తెచ్చే లారీ గెలలు ఎవరివో దళారీకే సరిగా తెలియదు. ఇండొనేషియా పామాయిల్ సాగులో నూటికి దాదాపు నలభై వంతులు చిన్న రైతులదే. వాళ్లందరినీ వదిలేసి విడి గొట్టాలు, విడి ట్యాంకులు పెట్టడం ఖర్చు. మాస్ బ్యాలెన్స్ పుట్టింది ఈ అవసరంలోంచే.

దాని బలహీనత కూడా అక్కడే. సుమత్రా ఉత్తరాన లూసర్ అనే 26 లక్షల హెక్టార్ల అటవీ ప్రాంతం ఉంది. ఒరాంగుటాన్, పులి, ఏనుగు, ఖడ్గమృగం నాలుగూ కలిసి బతికే అడవి ప్రపంచంలో అదొక్కటే. దాని దిగువ కొసన రావా సింగ్‌కిల్ అనే పీట్ అభయారణ్యంలో ఒరాంగుటాన్లు చాలా దట్టంగా ఉంటాయి. ఆ అభయారణ్యం లోపల చట్టవిరుద్ధంగా వేసిన తోటల గెలలు పక్కనే ఉన్న మిల్లుల ద్వారా అంతర్జాతీయ బ్రాండ్ల దాకా వెళ్తున్నాయని రెయిన్‌ఫారెస్ట్ యాక్షన్ నెట్‌వర్క్ అనే పర్యావరణ సంస్థ 2019లో బయటపెట్టింది. కొన్న కంపెనీల్లో చాలావాటికి అడవిని నరకబోమన్న విధానపత్రాలున్నాయి. పత్రంలో మిల్లు పేరు ఉంది, గెల పుట్టిన చోటు లేదు. అదే లూసర్ పశ్చిమాన త్రిపా పీట్ చిత్తడిని తగలబెట్టిన కలిస్తా ఆలం కంపెనీకి ఇండొనేషియా కోర్టు 2014లో 366 బిలియన్ రుపియాల (ఆ దేశపు కరెన్సీ) జరిమానా, పునరుద్ధరణ ఖర్చు విధించింది. అడవి కొట్టేవాడికి నొప్పి తగిలేది ఇలాంటి తీర్పుల వల్ల, అవి వసూలైనప్పుడు.

ఇంకో సంగతి ముద్ర దృష్టికి సరిగా ఆననిది. బోర్నియోలో తగ్గిన లక్షలో అన్నీ చెట్లు పోయి చచ్చినవి కావు. అడవి ఇంకా నిలబడి ఉన్న చోట్ల కూడా పెద్ద సంఖ్యలో తగ్గాయి, అంటే వేట, కాల్పులు. అడవి తరిగాక ఆకలితో తోటలోకి వచ్చి లేత పామాయిల్ మొక్కల మొవ్వు పీకి తింటే ఒక్క రాత్రిలో వరసలు పోతాయి. కాపలావాడికి అది పంట నష్టం. 2019 మార్చిలో ఆచేలోని సుబులుస్సలాంలో ఒక తోటలో దొరికిన ఆడ ఒరాంగుటాన్ ఒంట్లో 74 ఎయిర్‌గన్ గుళ్లు ఉన్నాయి. రెండు కళ్లూ పోయాయి. దానితో ఉన్న పిల్ల చనిపోయింది. ఆ తల్లికి హోప్ అని పేరు పెట్టి సంరక్షణ కేంద్రంలో ఉంచారు, తిరిగి అడవికి పంపే వీలు లేదు. ధ్రువీకరించిన తోటలో అరుదైన జంతువులను చంపడం, పట్టడం నిషేధం, కూలీలకు దీని మీద శిక్షణ ఇవ్వాలి. పెద్ద కంపెనీల్లో ఇది చాలావరకు జరుగుతోంది. తోట కంచె దాటాక ఉన్న చిన్న పొలంలో ఏమవుతుందో సర్టిఫికెట్‌కు పట్టదు.

మన కొట్టులో ఎలా చూడాలి

ప్రపంచంలో అత్యధికంగా పామాయిల్ దిగుమతి చేసుకునేది మనమే, ఏడాదిని బట్టి సుమారు 70 నుంచి 98 లక్షల టన్నులు. హెక్టారుకు మూడున్నర టన్నుల దిగుబడి చొప్పున వేసుకుంటే దానికి పాతిక లక్షల హెక్టార్ల తోట కావాలి, అంటే ఇంచుమించు ఒక లూసర్ అంత. కాకినాడ, కృష్ణపట్నం రేవుల్లో ముడి నూనె దిగి, అక్కడి రిఫైనరీల్లో శుద్ధయి, పామోలిన్‌గా బజ్జీల బండికీ స్వీటు షాపుకూ హాస్టల్ వంటగదికీ పోతుంది. ఇందులో అత్యధిక భాగం మీద ఏ ముద్రా ఉండదు. ధ్రువీకరించిన నూనెకు పైసలు ఎక్కువిచ్చే కొనుగోలుదారు మన దేశంలో తక్కువ. విచిత్రం ఏమిటంటే ప్రపంచం మొత్తం మీద ధ్రువీకరించిన నూనెలో సుమారు సగమే ఆ పేరుతో అమ్ముడుపోతోంది, మిగతాది మామూలు నూనెగా వెళ్లిపోతోంది. నూనె లేక కాదు, అడిగేవాళ్లు లేక.

లీటరు పామోలిన్ ప్యాకెట్ల మీద ముద్ర వెతకడం దాదాపు వృథా. బిస్కెట్లు, చాక్లెట్లు, నూడుల్స్, సబ్బులు, షాంపూల మీద, అందులోనూ దిగుమతి సరుకు మీద దొరికే అవకాశం ఎక్కువ. పదార్థాల జాబితాలో ఏ నూనో పేరు రాయాలన్నది మన ఆహార లేబుల్ నియమం, కాబట్టి తిండి సరుకులో 'పామోలిన్', 'పామ్ ఆయిల్' అని దొరుకుతుంది. దాగేది ఇతర పేర్లలో: ఐఎన్‌ఎస్ 471 అనే మోనో, డై గ్లిజరైడ్లు, సబ్బుల మీద సోడియం పామేట్, సోడియం పామ్ కెర్నెలేట్, షాంపూ మీద సోడియం లారెత్ సల్ఫేట్, క్రీముల్లో గ్లిజరిన్, స్టియరిక్ ఆమ్లం. ఇవన్నీ తప్పనిసరిగా పామాయిల్‌వే కావు, కొబ్బరి నుంచీ ఇతర నూనెల నుంచీ కూడా వస్తాయి, కానీ చౌక సరుకులో పామే ఎక్కువ. ఇలాంటి ఉపపదార్థాల్లో చాలావరకు మాస్ బ్యాలెన్స్‌ను మించి దొరకదు కనుక సబ్బు మీద 'మిక్స్‌డ్' కనిపిస్తే కాస్త మెత్తబడి మార్కులు వేయవచ్చు. బిస్కెట్ మీద అదే కనిపిస్తే మాత్రం సాకు లేదు.

ముద్ర దొరికితే దాని కింద లైసెన్సు నంబరు ఉంటుంది. ఆర్‌ఎస్‌పీఓ వెబ్‌సైటులో కంపెనీ పేరుతో వెతికి, వాళ్లు ఏటా సమర్పించే ప్రగతి నివేదిక తెరవండి. చూడాల్సింది మొదటి పేజీల్లోని కబుర్లు కాదు, టన్నుల పట్టిక. మొత్తం వాడిన పామాయిల్ ఎంత, అందులో సెగ్రిగేటెడ్ ఎంత, మాస్ బ్యాలెన్స్ ఎంత, క్రెడిట్లు ఎంత, ఏదీ కానిది ఎంత. ఐరోపాకు పంపే సరుకులో సెగ్రిగేటెడ్ వాడుతూ భారత్‌లో అమ్మే సరుకుకు మామూలు నూనె పోసే అవకాశం ఉంది కనుక దేశాలవారీగా విడగొట్టి చెప్పారా అన్నదీ చూడాలి. నివేదికే ఇవ్వకపోతే అదే జవాబు. ఓపిక ఉన్నవాళ్లు కంపెనీ ప్రకటించిన మిల్లుల జాబితా తీసుకుని అడవుల నరికివేతను చూపే గ్లోబల్ ఫారెస్ట్ వాచ్ మ్యాపులో ఆ మిల్లుల చుట్టూ యాభై కిలోమీటర్ల వృత్తం గీసి, అందులో ఏటా ఎంత అడవి పోతోందో చూడవచ్చు. పది నిమిషాల పని, కంపెనీ బ్రోచరు కంటే ఎక్కువ చెబుతుంది.

అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో ఉన్న తెలుగువాళ్లకు పని తేలిక. జంతుప్రదర్శనశాలల సంఘాలు తెచ్చిన పామాయిల్ స్కాన్ అనే యాప్‌లో బార్‌కోడ్ చూపిస్తే ఆ కంపెనీ స్థాయి చెబుతుంది. ఇండియన్ స్టోర్‌లో కొనే జంతికలకూ కారప్పూసకూ మాత్రం అది సాధారణంగా ఏమీ చెప్పదు.

మన దగ్గరే పండే నూనె సంగతి వేరు. దేశంలో పండే పామాయిల్‌లో సింహభాగం ఆంధ్రప్రదేశ్, తెలంగాణలదే. ఏలూరు జిల్లా, అశ్వారావుపేట ప్రాంతాల తోటలు వేసింది సాగు భూముల్లో, దాని వెనక ఒరాంగుటాన్ అడవి లేదు. నీటి వాడకం మీద వేరే వాదన ఉంది, అది ఇక్కడి విషయం కాదు. తెలంగాణ ఆయిల్‌ఫెడ్ విజయ బ్రాండు లాంటిది కొంటే అడవి కోణంలో నిశ్చింత, అయితే బ్రాండు పేరు చూసి కాదు, ప్యాకెట్ మీద నూనె ఎక్కడిదో చూసి నిర్ధారించుకోవాలి. ఇక్కడి దిగుబడి దేశ అవసరంలో చిన్న పాయ మాత్రమే. మిగతాదంతా ఓడలో వచ్చేదే.

పోటీ ముద్రల గురించి రెండు ముక్కలు. ఇండొనేషియా ఐఎస్‌పీఓ, మలేషియా ఎంఎస్‌పీఓ ఆయా దేశాల్లో తప్పనిసరి. తప్పనిసరి కనుక పరిధి ఎక్కువ, పట్టు తక్కువ. అవి మాత్రమే ఉన్న సరుకుకు ఒక మార్కు. 'పామాయిల్ రహితం' అన్న ముద్రకు ఒరాంగుటాన్ కోణంలో ఒకటిన్నరకు మించి ఇవ్వలేం. ప్రపంచ నూనెగింజల భూమిలో పామాయిల్‌ది పది శాతం లోపు, దాన్నుంచి వచ్చేది మొత్తం వంటనూనెల్లో మూడో వంతుకు పైనే. పొద్దుతిరుగుడు హెక్టారుకు ముప్పాతిక టన్ను, సోయా అర టన్ను ఇస్తాయి. అదే నూనె వాటి నుంచి తీయాలంటే నాలుగైదు రెట్ల నుంచి ఏడెనిమిది రెట్ల భూమి కావాలి, దానికి కొట్టేది ఇంకెక్కడి అడవో. పైగా ఐరోపా కొనడం మానేస్తే ఆ మంచి కొనుగోలుదారు స్థానంలో నిలబడేది ఏ ప్రశ్నా అడగని కొనుగోలుదారు, అంటే ఎక్కువసార్లు మనమే.

అందుకే ఈ ముద్ర విలువ మన దేశంలో కొనుగోలు కన్నా ప్రశ్నలోనే ఎక్కువ ఉంది. మీరు రోజూ వాడే బిస్కెట్, సబ్బు కంపెనీ వినియోగదారుల విభాగానికి ఈమెయిల్ పెడితే మూడే అడగండి. భారత్‌లో అమ్మే సరుకులో వాడిన పామాయిల్ ఎన్ని టన్నులు, అందులో సెగ్రిగేటెడ్ ఎంత? మీకు నూనె పంపే మిల్లుల జాబితా ఎక్కడ ప్రకటించారు? ఆ మిల్లులకు బయటి నుంచి గెలలు తెచ్చే దళారుల వివరాలు నమోదు చేస్తున్నారా? 'మేం ఆర్‌ఎస్‌పీఓ సభ్యులం' అని ఒక్క వాక్యం తిరిగొస్తే, అదే ఈమెయిల్‌ను టన్నుల ప్రశ్నను మొదట పెట్టి మళ్లీ పంపండి.